బీరువా సర్దుటకు ముందు – ట్రాయ్ పట్టణపు కాలరు కథ

మన ఇండ్లలో ఉదయము వేళ ఎక్కువగా వినబడే మాట "నా చొక్కా ఎక్కడ?" అనునదే. బీరువా నిండా బట్టలు ఉండును, కాని కట్టుకొనుటకు బట్ట దొరకదు. పిల్లలు బడికి, పెద్దలు పనికి చిరాకుతో బయలుదేరుదురు. బీరువా సర్దుకొనుట ఎట్లు అని తెలుగు తరగతికి పిల్లలను తీసుకొనివచ్చే తల్లులు కొందరు మమ్ము అడిగినారు. సగము బట్టలు ఇచ్చివేయండి, రంగుల ప్రకారము పేర్చండి అని చెప్పేవారు చాలామంది ఉన్నారు. మేము వేరొక చోటునుండి మొదలుపెట్టెదము. బట్ట ఎక్కడ ముందుగా మాయుచున్నది? దానిని ఎవరు ఉతుకుచున్నారు? ఈ రెండును తెలిసిన తరువాతనే బీరువా తలుపు తీయవలెను. ఇందుకు అమెరికాలోని ట్రాయ్ పట్టణపు కథ చాలా ఉపయోగపడును.

ట్రాయ్ అనగానే మనవారిలో కొందరికి మిచిగన్ రాష్ట్రములోని ట్రాయ్ జ్ఞాపకము రావచ్చును. డెట్రాయిట్ దగ్గరనున్న ఆ ఊరిలో తెలుగు కుటుంబములు చాలా ఉన్నవి. మేము చెప్పేది అది కాదు. న్యూయార్క్ రాష్ట్రములో, హడ్సన్ నది తూర్పు ఒడ్డున, ఆల్బనీకి దగ్గరలోనున్న ట్రాయ్. దానికి "కాలర్ల నగరము" అని పేరు.

1827 ప్రాంతములో ఆ ఊరిలో హన్నా మాంటేగ్ అను గృహిణి ఉండెను. భర్త చొక్కా ఒళ్ళంతా శుభ్రముగానే ఉండెడిది, కాలరు మాత్రము ఒక్క రోజులోనే మాసిపోయెడిది. ఆ కాలరు కొరకు చొక్కా అంతా ఉడకబెట్టి, ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేయవలెను. ఆమె విసిగి కత్తెర తీసి కాలరును కోసివేసినది. దానిని మాత్రము ఉతికి మరల చొక్కాకు తగిలించినది. అట్లని ఆ ఊరివారు చెప్పుకొందురు. 1829లో ఎబినేజర్ బ్రౌన్ అను దుకాణదారు విడి కాలర్లను కుట్టించి అమ్మసాగెను. క్రమముగా ఫ్యాక్టరీలు లేచినవి. ఇరవయ్యవ శతాబ్దపు ఆరంభమునాటికి అమెరికాలో తయారయ్యే కాలర్లలో పదింటికి తొమ్మిది ట్రాయ్‌లోనివే అని చెప్పుదురు. (ఈ కథ చెప్పినప్పుడు మా తరగతిలో ఒక పిల్లవాడు, చొక్కా లేకుండా కాలరు ఒక్కటే తొడుక్కొని బడికి రావచ్చునా అని అడిగినాడు.)

ఇంతవరకు కథ సుఖముగా ఉన్నది. ఒక ఇంటి ఇల్లాలు తన చాకిరి తగ్గించుకొన్నది. కాని ఆ చాకిరి ఎక్కడికి పోయినది? కొత్త కాలర్లను అమ్మకానికి పంపకముందు ఉతికి, తెల్లబరచి, గంజి పెట్టి, గట్టిగా ఇస్త్రీ చేయవలెను. ఆ పని ట్రాయ్ లాండ్రీలలోని స్త్రీల మీద పడినది. వారిలో చాలామంది ఐర్లాండు నుండి వలస వచ్చినవారు. సలసల కాగే నీళ్ళ మధ్య, మందుల ఘాటులో, కాలే ఇస్త్రీపెట్టెలు పట్టుకొని రోజుకు పన్నెండు, పదునాలుగు గంటలు నిలబడెడివారు. వారమునకు మూడు నాలుగు డాలర్లు మాత్రమే కూలి. 1864 ఫిబ్రవరిలో కేట్ ములానీ అను యువతి నాయకత్వమున సుమారు 300 మంది స్త్రీలు సంఘముగా ఏర్పడి, 14 లాండ్రీలలో పని నిలిపివేసినారు. వారము తిరుగకముందే యజమానులు దిగివచ్చి కూలి దాదాపు నాలుగవ వంతు పెంచినారు. ఆమె నివసించిన ఇల్లు 1998 నుండి అమెరికాలో జాతీయ చారిత్రక స్థలముగా ఉన్నది. తోటలలో కూలికి వచ్చినవారి మనుమలమైన మనకు ఈ సంగతి వేరుగా వివరింపనక్కరలేదు.

ఆ కాలరు మన డర్బన్‌కు కూడా వచ్చినది. 1897 తరువాత ఇక్కడ న్యాయవాదిగా కాపురమున్న కాలములో గాంధీగారు విడి కాలర్లే ధరించెడివారు. కాలరు ప్రతిదినము మార్చవలెను. చాకలి సమయానికి తెచ్చి ఇచ్చెడివాడు కాడు గనుక, రెండు మూడు డజన్ల చొక్కాలు, కాలర్లు ఉన్నను ఆయనకు చాలలేదట. ఒక కాలరు ఉతికించుటకు అయ్యే ఖర్చు ఇంచుమించు ఆ కాలరు ధరంత ఉండెను. కనుక ఆయన ఉతుకుటను గూర్చి పుస్తకము చదివి, తానే నేర్చుకొని, భార్యకు కూడా నేర్పినారు. మొదటిసారి గంజి ఎక్కువై, ఇస్త్రీ చాలక, కోర్టులో కాలరు నుండి గంజి రాలుచుండగా తోటి న్యాయవాదులు నవ్వినారని ఆత్మకథలో స్వయముగా వ్రాసుకొన్నారు. మూడు డజన్లు ఉన్నను చాలలేదు అను మాట మాకు చాలా ముఖ్యముగా తోచును. బట్టల లెక్క పెంచినందువలన ఆయన తొందర తీరలేదు. ఉతుకు పని ఎవరి చేతిలో ఉన్నదో అది మారినప్పుడే తీరినది.

ట్రాయ్‌లో విడి కాలర్ల కాలము మొదటి ప్రపంచ యుద్ధము తరువాత ముగిసినది. చొక్కాతో కలిసిన మెత్తని కాలరుకు జనులు అలవాటుపడినారు. కాని హన్నాగారి ఉపాయము మనకు కొత్తది కాదు. చీర అంచుకు లోపల కుట్టించే ఫాల్ ఏమిటి? నేలకు రాసుకొని మాసేది, చిరిగేది అదే. పాడైనప్పుడు దానిని విప్పి వేరొకటి కుట్టించినచో చీర నిలుచును. దిండుకు గలీబు, పట్టు రవికె చంకలలో కుట్టే మెత్తని గుడ్డ, అన్నియు ఆ జాతివే. పట్టు రవికెకు ఆ గుడ్డ లేనివారు ఈ వారమే కుట్టించుకొనవలెను. చెమట మరక పట్టిన తరువాత పట్టును బాగుచేయుట చాలా కష్టము.

ఇక బీరువా. చాలా ఇండ్లలో చిక్కు బీరువాలో లేదు, కుర్చీలో ఉన్నది. పడకగదిలో ఒక కుర్చీ ఉండును, దానిమీద ఎవరును కూర్చొనలేరు. ఒకసారి కట్టి విడిచినవి, మాసిపోనివి, మడతలోకి పోలేనివి అక్కడ కుప్పపడును. వాటికి చోటు కల్పించనంతవరకు ఎన్నిసార్లు సర్దినను మూడవనాటికి మొదటికే వచ్చును. తలుపు వెనుక మనిషికి రెండు కొక్కెములు కొట్టించండి. కొక్కెము నిండినప్పుడు ఒకటి ఉతుకుకు పోవలెను. మాకు తెలిసిన ఇండ్లలో అన్నిటికంటె ఎక్కువ మేలు చేసినది ఈ చిన్న పనియే.

ఎన్ని బట్టలు కావలెను అను ప్రశ్నకు జవాబు ఉతికే దినములలో ఉన్నది. వారమునకు రెండుసార్లు ఉతికే ఇంటిలో బడిపిల్లవానికి మూడు చొక్కాలు చాలును, వాన దినములలో ఆరుటకు ఆలస్యమగును గనుక నాలుగు. ఏడు ఉన్నచో ఏడును మాసిన తరువాతనే ఉతుకుట జరుగును, ఆ కొండ తల్లి మీద పడును. చొక్కా, నిక్కరు, మేజోళ్ళు ఒక్క చుట్టగా చుట్టి పిల్లవానికి అందే అరలో పెట్టండి. చీర, రవికె, లోపావడా కూడా అట్లే. రవికె కొరకు వెదకుటలోనే చాలామంది ఉదయము పోవుచున్నది.

పనులు పంచుకొనుట గూర్చి మా అభిప్రాయము దాచుకొనము. పదేండ్లు దాటిన పిల్లలు తమ బట్టలు తామే మడచుకొనవలెను. చొక్కా కాలరుకు రాత్రియే సబ్బు రుద్ది ఉంచుట ఆ చొక్కా తొడుక్కొన్న మగవారి పని. రెండు నిమిషములు పట్టును, మరునాడు ఉతికేవారికి సగము శ్రమ తప్పును.

గంజి పెట్టిన బట్టలను నెలల తరబడి దాచరాదు. పుస్తకములను కొట్టే వెండి రంగు సన్నని పురుగు గంజిని ఇష్టముగా తినును. ఉతికి, గంజి లేకుండా దాచి, కట్టుకొనే ముందు పెట్టుకొనండి. మన తీరములో ఎండాకాలపు ఉక్కకు బీరువాలో బూజు పట్టును, కనుక బట్టలను పూర్తిగా ఆరనిదే లోపల పెట్టకండి, గోడకు బీరువాకు మధ్య గాలి ఆడునంత సందు విడువండి. పట్టుచీరలను నూలు గుడ్డలో చుట్టి, మూడు నాలుగు నెలలకొకసారి విప్పి, మడత మార్చవలెను, లేనిచో మడత దగ్గర జరీ విరుగును. కలరా ఉండలు జరీకి తగులకుండ వేరే గుడ్డలో మూటకట్టి మూలకు పెట్టండి. చీరలను గాలికి వేయుటకు జూన్, జూలై నెలల పొడి గాలి మంచిది. అయితే చెరకు తోటలు కాల్చేది కూడా ఆ నెలలలోనే. తోటల దగ్గర నివసించేవారు చీరలను పెరటి తాడు మీద వేయక ఇంటిలోపల నీడలోనే ఆరవేసుకొనవలెను, ఆ నల్లని మసి పట్టు మీద పడినచో చేతితో దులుపకుండ ఊది వదిలించవలెను.