బోరుకొచ్చిందా, ఊపిరాడటం లేదా?

పాత కారు సైలెన్సర్ నుంచి నీలిపొగ వస్తూ, ఆయిల్ పోసే మూత విప్పగానే లోపలి నుంచి ఆవిరి బుసకొడుతూ ఉంటే, గ్యారేజీలలో తరచుగా వినిపించే తీర్పు ఒక్కటే: ఇంజన్ బోరుకొచ్చింది, విప్పాలి. ఆ తీర్పు నిజం కావచ్చు. అయితే అంతకు ముందు జరగవలసిన విచారణ జరగకపోతే, చిన్న వాల్వు మార్చితే పోయే లోపానికి ఇంజన్ మొత్తం విప్పించుకుని, ఒక కుటుంబం నెలల తరబడి కూడబెట్టుకున్న సొమ్మును వృథా చేసుకోవలసి వస్తుంది.

1983 డిసెంబరులో రోడ్డెక్కి 2014 వరకు తయారైన మారుతి 800నే తీసుకుంటే, దాని 796 సి.సి. ఇంజన్‌లో మూడు సిలిండర్లు ఉంటాయి. పిస్టన్‌కూ సిలిండర్ గోడకూ మధ్య ఉండే సన్నని సందును మూసేవి పిస్టన్ చుట్టూ గాడులలో కూర్చున్న రింగులు. వాటిలో పై రెండూ మండిన వాయువును కిందికి జారకుండా ఆపితే, మూడోది గోడకు అంటిన ఆయిల్‌ను గీకి కిందికి పంపుతుంది. కొత్త ఇంజన్‌లో సైతం ఈ అడ్డుకట్ట సంపూర్ణం కాదు. నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతూ బండి ఊరకే నిలబడి ఉన్నప్పుడు కూడా మూడు సిలిండర్లలో కలిపి సెకనుకు 20 సార్లు ఇంధనం మండుతుంది. మండిన ప్రతిసారీ కొంత వాయువు రింగులను దాటి, క్రాంక్‌షాఫ్ట్ తిరిగే కింది గదిలోకి, అంటే క్రాంక్‌కేస్‌లోకి చేరుతుంది. మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అనేది దీనినే.

అలా చేరిన వాయువు బయటపడటానికి దారి ఉండాలి. పూర్వపు ఇంజన్లలో ఒక గొట్టం దానిని నేరుగా రోడ్డు మీదికి వదిలేసేది. లాస్ ఏంజెలెస్‌ను కమ్మిన పొగమంచుతో విసిగిన కాలిఫోర్నియా, 1961 మోడల్ కార్ల నుంచి, దానిని తిరిగి ఇంజన్ చేతనే పీల్పించి కాల్చే ఏర్పాటును తెచ్చింది. ఆ పీల్పును అదుపు చేసేదే పీసీవీ వాల్వు. పరిమాణంలో బొటనవేలంత ఉండే ఈ వాల్వు ఏళ్ల తరబడి ఆయిల్ మడ్డి పేరుకుని మూసుకుపోతే, రింగులు బాగున్నా క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి ఆయిల్ కడ్డీ తన గొట్టంలో నుంచి పైకి లేస్తుంది, ఆయిల్ సీళ్లు కారుతాయి, ఆయిల్ తుంపర క్రాంక్‌కేస్‌ను ఎయిర్ ఫిల్టర్‌తో కలిపే మరో గొట్టం గుండా ఫిల్టర్‌లోకి ఎక్కి, అక్కడి నుంచి సిలిండర్‌లోకి వెళ్లి నీలిపొగగా మారుతుంది. రింగులు అరిగినప్పుడు కనిపించే లక్షణాలన్నీ అప్పుడూ కనిపిస్తాయి కాబట్టి, పొరపాటు జరిగేది సరిగ్గా ఇక్కడే. కారుతున్న సీలును రెండుసార్లు మార్చినా మళ్లీ కారుతూ ఉంటే, సీలును నిందించడం మాని గాలి దారిని వెతకడం న్యాయం.

దాని పరీక్షకు పనిముట్లేవీ అక్కరలేదు. ఇంజన్ నడుస్తుండగా వాల్వును దాని చోటు నుంచి ఊడదీసి, కొసను వేలితో మూస్తే వేలిని లోపలికి లాగుతున్నట్టు తెలియాలి. ఇంజన్ ఆపి, వాల్వును చెవి దగ్గర ఆడిస్తే చాలా రకాలలో లోపలి ముక్క టకటకమనాలి. లాగుడు లేకపోతే వాల్వుతో పాటు గొట్టాలను కూడా విప్పి శుభ్రం చేయించి, కొన్నాళ్లు నడిపి చూడాలి.

ఆ దారి బాగుండీ పొగ ఆగకపోతే, దాని రంగుతో పాటు వేళను కూడా గమనించాలి. నలుపు ఇంధనం ఎక్కువవుతున్నదనడానికి గుర్తు. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లని పొగ వీడకుండా, రేడియేటర్‌లో నీరు తగ్గుతూ ఉంటే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. నీలిపొగకు మాత్రం వేళే ముఖ్యం. రాత్రంతా నిలిచిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి గుప్పుమని ఆగిపోతే, లేదా తిరుమల ఘాట్ రోడ్డు దిగుతూ చాలాసేపు యాక్సిలరేటర్ వదిలేసి తిరిగి తొక్కినప్పుడు వస్తే, వాల్వు సీళ్ల గుండా ఆయిల్ దిగుతున్నదని చెప్పవచ్చు. అది హెడ్ వరకు పరిమితమైన పని. బరువు లాగుతూ ఎత్తు ఎక్కుతున్నంతసేపూ పొగ వస్తూ, లీటర్ల కొద్దీ ఆయిల్ తాగుతూ ఉంటేనే అనుమానం రింగుల మీదికి పోతుంది.

అనుమానాన్ని అంకెగా మార్చేది కంప్రెషన్ పరీక్ష. ఇంజన్ వేడిగా ఉండగా ప్లగ్గులన్నీ తీసి, ఇంధనమూ ఇగ్నిషనూ ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచి, స్టార్టర్‌తో తిప్పుతూ ఒక్కొక్క సిలిండర్ ఒత్తిడిని గేజ్‌తో కొలుస్తారు. మూడు సిలిండర్లలో రెండు చదరపు సెంటీమీటరుకు 12 కిలోల వంతున చూపి, మూడోది 8 దగ్గర ఆగిపోయిందనుకుంటే, ఆ మూడోదానిలో ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ తిప్పాలి. ఆయిల్ రింగుల చుట్టూ సందును తాత్కాలికంగా మూస్తుంది కాబట్టి, అంకె 11 దాకా ఎగబాకితే తప్పు రింగులదో, గోడదో. కదలకుండా ఉండిపోతే వాల్వులదో, గాస్కెట్‌దో. ఇంకా స్పష్టత కావాలంటే, వాల్వులు రెండూ మూసుకుని పిస్టన్ పైకొసన ఉండగా సిలిండర్‌లోకి కంప్రెసర్ గాలి పంపి, చప్పుడు ఎక్కడ వినిపిస్తున్నదో చెవి పెట్టి వినాలి: ఆయిల్ మూత దగ్గరైతే రింగులు, సైలెన్సర్‌లోనైతే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బురేటర్ దగ్గరైతే ఇన్‌టేక్ వాల్వు, రేడియేటర్‌లో బుడగలు లేస్తే గాస్కెట్. పది నిమిషాల ఈ వినికిడి పరీక్ష చేయకుండా ఇంజన్ దించడానికి ఒప్పుకోకూడదు.

ఇవన్నీ రింగులనే చూపినప్పుడు విప్పక తప్పదు. అప్పుడైనా కొత్త రింగులు తెచ్చి బిగించే ముందు సిలిండర్‌ను బోర్ గేజ్‌తో కొలవాలి. పై రింగు ఆగే చోట గోడ ఎక్కువగా అరిగి, దాని పైన వేలికి తగిలేంత గట్టు ఏర్పడి ఉంటే, కొత్త రింగు కూడా ఆ కోలగా మారిన గోడను పూర్తిగా మూయలేదు. అప్పుడు లేత్ షాపులో బోరు చేయించి, 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయాలి. గోడ కొలతల్లోనే ఉండి, రింగులు మసి పట్టి గాడుల్లో బిగుసుకుపోయి ఉంటే మాత్రం, గాడులు శుభ్రం చేసి, గోడకు హోనింగ్ చేయించి, పాత సైజు రింగులే వేసుకోవచ్చు.