ఓడ యొకచోట, ఒడ్డు మరియొకచోట

ఓడ రేవు చేరినది అన్నంత మాత్రమున ప్రయాణికుడు నేలమీద కాలు మోపినాడని అర్థము కాదు. ఆ రెంటికి నడుమ ఒక్కొక్కచోట అరమైలు నీరుండును. మరియొకచోట కొన్ని మైళ్ల నీరుండును. ఆ నీటిని దాటించుటకు పెద్ద ఓడకును ఒడ్డునకును మధ్య తిరుగు చిన్న పడవను నావికులు టెండరు అందురు. విహారనౌకలపై దేశములు చూడబోవువారికి ఈ చిన్న పడవ సంగతి ముందుగా తెలిసియుండుట మిక్కిలి అవసరము. ఏ రేవునందు ఓడ గట్టునకు ఆనుకొని నిలుచును, ఏ రేవునందు నడిసముద్రమున లంగరు వేయును అను విషయమును బయలుదేరుటకు పూర్వమే కనుగొనుట యెట్లో వివరించుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

ఈ విషయము తెలుగువారికి బొత్తిగా క్రొత్తది కాదు. మన తూర్పుతీరము చాలవరకు ఇసుక తీరము. సహజముగా లోతైన రేవులు ఇచ్చట అరుదు. కాకినాడ, భీమునిపట్టణము, కళింగపట్టణము మొదలగు తావులలో పొగయోడలు ఒడ్డునకు దూరముగా నిలిచెడివి. సరకులును జనులును పడవలమీదనే వానిని చేరవలసియుండెడిది. బ్రతుకుతెరువు వెదకికొనుచు రంగూనునకు తరలిన మన పూర్వులలో పెక్కురు అట్లే ఓడ యెక్కిరి. కోరమాండలు తీరమున ఈ పనికి మసూలా పడవలు వాడుకలో నుండెను. వాని పలకలకు ఇనుపమేకులు కొట్టరు. కొబ్బరిపీచు త్రాళ్లతో కుట్టుదురు. కెరటము విరిగి మీద పడినపుడు మేకులు కొట్టిన పడవ పగులును. కుట్టిన పడవ కొంచెము వంగి, ఆ దెబ్బను ఓర్చుకొనును. 1933లో విశాఖపట్టణమున లోపలిరేవు సిద్ధమై, జలదుర్గ అను ఓడ దానిలో ప్రవేశించిన పిమ్మటగాని అచ్చటి ఓడలు గట్టునకు ఆనుకొని నిలుచు వసతి కలుగలేదు. కావున ఓడ యొకచోట, ఒడ్డు మరియొకచోట అన్న మాట మన తాతల అనుభవమే.

నేటికిని ఇట్టి రేవులు ప్రపంచమున ఎన్నో కలవు. దీనికి కారణములు ముఖ్యముగా నాలుగు. మొదటిది లోతు. వేలకొలది జనులను మోయు విహారనౌక అడుగుభాగము సుమారు 8 లేక 9 మీటర్లు నీటిలో మునిగియుండును. దాని క్రింద మరికొంత నీరు మిగిలియుండినగాని ఓడ నిర్భయముగా కదలజాలదు. రెండవది గట్టు పొడవు. నేటి పెద్ద నౌకలు 300 మీటర్లకు మించి పొడవుగలవి. చేపలపడవలకై కట్టిన ప్రాచీనపు గట్టు వానికి చాలదు. మూడవది ఖాళీ. గట్టున ఒక్క ఓడకే చోటుండగా ఒకేనాడు మూడు ఓడలు వచ్చినచో రెండు బయట నిలువక తప్పదు. నాలుగవది ఆ యూరి ప్రజల యిష్టము. పగడపుదిబ్బలను త్రవ్వి గట్టు కట్టుట వలదని నిర్ణయించుకొన్న తావులును కలవు.

ఈ కారణములకు ఒక్కొక్క ఉదాహరణము చెప్పుకొందము. మధ్య అమెరికాలోని బెలీజు నగరము ముంగిట సముద్రము లోతు తక్కువ. దానికి తోడు గొప్ప పగడపుగోడ యున్నది. పెద్ద ఓడలు కొన్ని మైళ్ల దూరముననే నిలిచిపోవును. స్థానికుల వేగపు లాంచీలు వచ్చి ప్రయాణికులను తీసికొనిపోవును. గ్రీసు దేశపు సాంటోరినీ ద్వీపమున విషయము ఇందుకు సరిగా విపర్యయము. అచ్చట లోతు మితిమీరి యున్నది. అగ్నిపర్వతము బ్రద్దలై కూలిన గుంటలో సముద్రము నిండగా ఏర్పడిన ఆ జలాశయము కొన్నిచోట్ల దాదాపు 400 మీటర్ల లోతు. లంగరుగొలుసు అడుగంటుటయే కష్టము. తీరమున నిట్టనిలువు కొండ. పడవ దిగినవారు ఊరు చేరుటకు తీగబండి యెక్కవలెను. లేదా ఐదువందలకు పైబడిన మెట్లు ఎక్కవలెను. ఇచ్చట పడవ దిగుటతో శ్రమ ముగియదు, మొదలగును.

కరేబియను సముద్రమునందలి గ్రాండుకేమను ద్వీపపు ముఖ్యపట్టణము జార్జిటౌను నాలుగవ కారణమునకు తగిన ఉదాహరణము. విహారనౌకలకు గట్టు కట్టవలెనా, వలదా అన్న వాదము అచ్చట ఏండ్లతరబడి సాగినది. కట్టినచో వర్తకము పెరుగునని కొందరు, సముద్రగర్భపు పగడములు చెడునని కొందరు వాదించిరి. 2025 ఏప్రిలులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణమున అధికసంఖ్యాకులు వలదనియే ఓటు వేసిరి. అందువలన అచ్చటికి పోవువారు పడవమీదనే ఒడ్డు చేరుచున్నారు. ఫ్రాన్సు తీరపు కాను, విల్‌ఫ్రాంషు పట్టణములు, గర్న్‌సీ ద్వీపపు సెయింటు పీటరు పోర్టు, మెక్సికోలోని కాబో సాన్ లూకాసు, దక్షిణపు చలికడలి చెంతనున్న ఫాక్‌లాండు దీవుల స్టాన్లీ, ఇవన్నియు పెద్ద నౌకలకు పడవ రేవులుగా పేరుపడినవే.

మన దేశముననే దీనిని చూడగోరువారు లక్షద్వీపములకు పోవచ్చును. కొచ్చి నుండి బయలుదేరిన ఓడ పెక్కు దీవులయొద్ద పగడపువలయమునకు వెలుపలనే నిలుచును. లోపలి ఉప్పుటేరు పచ్చగా, ప్రశాంతముగా, మోకాటిలోతు నుండి కొన్ని నిలువుల లోతు వరకు మాత్రమే యుండును. చిన్న పడవలు ఓడ ప్రక్కకు వచ్చి, ప్రయాణికులను ఎక్కించుకొని ఒడ్డునకు చేర్చును. నైరుతి ఋతుపవనము వీచు మాసములలో ఈ మారుపడవ ఎక్కుట ఎంత కష్టమో అచ్చటివారికి బాగుగా తెలియును.

ఇక ముందుగా తెలిసికొను ఉపాయములు. మొదటిది, ఓడ కంపెనీవారి ప్రయాణపట్టికను ఓపికతో చదువుట. రేవు పేరునకు ప్రక్కన చిన్న లంగరుగుర్తో, నక్షత్రపుగుర్తో ఉండును. అడుగున సన్నని అక్షరములలో టెండరు అవసరమని వ్రాసియుందురు. పెద్ద అక్షరములను చదివి, చిన్న అక్షరములను విడుచుట మనలో పలువురి అలవాటు. ఓడ విషయమున ఆ చిన్న అక్షరములే ముఖ్యము. పట్టికలో ఏ గుర్తును లేకున్నచో కంపెనీవారిని గాని, టిక్కెట్టు అమ్మిన ఏజెంటును గాని సూటిగా అడుగవలెను. అడుగు విధమునందు జాగ్రత్త యుండవలెను. ఈ రేవున ఆగుదురా యని అడిగినచో ఆగుదుమనియే చెప్పుదురు. గట్టునకు కట్టుదురా, లంగరు వేయుదురా యని అడుగవలెను. సాధ్యమైనచో ఆ సమాధానమును వ్రాతపూర్వకముగా తీసికొనుట మంచిది.

రెండవ ఉపాయము రేవు అధికారుల పట్టిక. పెక్కు రేవులవారు ఏ తేదీన ఏ ఓడ వచ్చునో, దానికి ఏ గట్టు కేటాయించినారో ముందుగా ప్రకటించుచుందురు. మీ ఓడ పేరునకు ఎదురుగా గట్టు పేరుగాని సంఖ్యగాని ఉన్నచో మెట్లమీదుగా నేరుగా నేలకు దిగవచ్చును. లంగరుస్థలమని యున్నచో పడవ తప్పదు. ఈ పట్టికవలన మరియొక లాభము కలదు. ఆనాడు ఇంకెన్ని ఓడలు వచ్చుచున్నవో దానివలన తెలియును. మాంటినీగ్రో దేశపు కోటరు, గ్రీసునందలి మైకనాసు వంటి రేవులలో గట్టు ఉన్నను చోటు పరిమితము. ఒకనాడు గట్టున నిలిచిన ఓడయే మరియొకనాడు బయట నిలువవచ్చును. కావున ఫలానా రేవు పడవ రేవు అని ఒక్కమాటలో తేల్చివేయుట పొరపాటు. ఏ ఓడకు, ఏ దినమున అను రెండు ప్రశ్నలను చేర్చి అడిగినగాని సరియైన సమాధానము రాదు.

మూడవది, పటమును పరిశీలించుట. నావికుల పటమునందు నీటిలోతు అంకెలతో గుర్తింపబడియుండును. లంగరు వేయదగిన స్థలమున లంగరుబొమ్మ యుండును. గట్టు పొడవును ఓడ పొడవుతో పోల్చి చూచినచో సామాన్యునకును కొంత బోధపడును. నాలుగవది, పోయివచ్చినవారిని విచారించుట. ఇందును ఒక మెలకువ కలదు. వారెక్కిన ఓడ మీ ఓడ వంటిదేనా యని అడుగవలెను. రెండువందలమంది ప్రయాణించు చిన్ననౌక లోపలిరేవు వరకు పోగలిగినచోట మూడువేలమందిని మోయు నౌక పోజాలదు. ఒకరి అనుభవము మరియొకరికి పనికివచ్చుట ఓడ పరిమాణముపై ఆధారపడియుండును.

ఇంతగా విచారించుట ఎందులకని కొందరు అనవచ్చును. విదేశములలో స్థిరపడిన తెలుగుబిడ్డలు పలువురు తలిదండ్రులను రప్పించుకొని ఇట్టి నౌకలలో త్రిప్పుచున్నారు. డెబ్బది యేండ్లు దాటిన తల్లికి మోకాళ్లనొప్పులు. ఆమె కర్ర ఊతతో నడువగలదు. కాని ఓడ ప్రక్కనున్న తేలుబల్లమీదినుండి, కెరటముతోబాటు లేచి పడుచున్న పడవలోనికి అడుగు వేయగలదా? ఆ అడుగు ఒక్క మూర దూరమే కావచ్చును. ఆ మూర దూరములో క్రింద నీరున్నది. చక్రముల కుర్చీలో కూర్చుండువారి సంగతి మరింత చిక్కు. కుర్చీని ఎత్తి పడవలోనికి చేర్చుటకు నావికులు సమ్మతింపని సందర్భములు తరచుగా నుండును. కొన్ని ఓడలలో మాత్రమే కుర్చీని నేరుగా దొర్లించు ఏర్పాటు కలదు. ముందుగా తెలియనిచో ఆ తల్లి, కుటుంబమంతయు ఊరు చూచి వచ్చువరకు ఓడపై ఒంటరిగా కూర్చుండి, దూరమున కనబడు ఒడ్డును చూచుచుండవలెను. ముందుగా తెలిసినచో గట్టునకు ఆనుకొను రేవులే ఎక్కువగా గల ప్రయాణమును ఎంచుకొనవచ్చును. డబ్బు రెండింటికిని ఒక్కటే కావచ్చును. తృప్తి ఒక్కటి కాదు.

రెండవ చిక్కు కాలము. లెక్కకు ఒక ఉదాహరణము తీసికొందము. ఓడలో 2,400 మంది ఒడ్డునకు పోదలచిరి. పడవలు నాలుగు. ఒక్కొక్క పడవలో నూరుగురు పట్టుదురు. పోయివచ్చుటకు నలువది నిమిషములు పట్టును. అనగా గంటకు 600 మంది మాత్రమే దిగగలరు. అందరును దిగుటకు నాలుగు గంటలు కావలెను. ఓడ రేవున నిలుచునది ఎనిమిది గంటలైనచో కడపట దిగినవారికి మిగులునది ఎంత? అందుచేతనే ఓడలలో వరుససంఖ్యల చీటీలు ఇత్తురు. చూడదలచిన క్షేత్రము దూరముగా నున్నచో తెల్లవారుజామున లేచి తొలిచీటీ సంపాదించుకొనుట ఉత్తమము. తిరుగుప్రయాణమున ఓడ బయలుదేరు వేళను కాక, ఒడ్డునుండి కడపటి పడవ బయలుదేరు వేళను జ్ఞాపకముంచుకొనవలెను. ఈ రెండు వేళలు ఒక్కటి కావు. ముందునాటి రాత్రి గదులకు పంచిపెట్టు దినపత్రికయందు ఈ వేళ స్పష్టముగా ముద్రింపబడియుండును.

మూడవ చిక్కు గాలి. గట్టునకు కట్టిన ఓడకు కొంత అలజడియున్నను ప్రయాణికులు దిగగలరు. లంగరుపై నిలిచిన ఓడయొద్ద కెరటము పెరిగినచో పడవలు నడువవు. అప్పుడు కెప్టెను ఆ రేవును విడిచి ముందునకు సాగును. ఫాక్‌లాండు దీవుల వంటి గాలితావులలో ఇది అరుదైన సంగతి కాదు. కొన్నివేళల ఉదయము ప్రశాంతముగా నుండి, జనులు ఒడ్డున నుండగా మధ్యాహ్నమునకు గాలి రేగుటయు కలదు. కావున పడవ రేవున దిగువారు మందులు, ఒక పలుచని దుప్పటి, కొంత తినుబండారము చేతిసంచిలో నుంచుకొనవలెను. ఒక్క రేవునందలి దర్శనముకొరకే ఓడప్రయాణము చేయదలచినవారు అది పడవ రేవు అయినచో మరియొకసారి ఆలోచించుకొనుట మేలు.

పడవ ఎక్కునపుడు పాటింపవలసిన నియమములు కొలదియే. రెండు చేతులును ఖాళీగా నుండవలెను. సంచి వీపున వేసికొనవలెను. జారుడు చెప్పులు పనికిరావు. చీర ధరించిన స్త్రీలు కుచ్చెళ్లు కాలికి తగులకుండ ఎత్తి చెక్కుకొనవలెను. నావికుడు అందించిన చేతిని వ్రేళ్లతో కాక మణికట్టు వద్ద గట్టిగా పట్టుకొనవలెను. అతడు ఎక్కుమనువరకు అడుగు వేయరాదు. కెరటపు లయ అతనికి తెలిసినట్లు మనకు తెలియదు.

పడవ రేవులన్నింటిని విసర్జింపవలెనని నా అభిప్రాయము కాదు. గట్టు లేనిచోటనే తీరము తన సహజరూపమున మిగిలియుండుట పలుచోట్ల చూచుచున్నాము. నీటిమట్టమునుండి, మెల్లగా దగ్గరగుచున్న ఊరిని చూచుటలో ఒక ఆనందము కలదు. ఎత్తైన ఓడ అంతస్తునుండి అది లభింపదు. శరీరబలమున్నవారు ఆ ఆనందమును వదలుకొననక్కరలేదు. బలము తగ్గినవారు తమకు తగిన రేవును ఎంచుకొనవలెను. ఇద్దరికిని కావలసినది ఒక్కటే: ప్రయాణపట్టిక చేతికి రాగానే, డబ్బు కట్టుటకు ముందుగా, ప్రతి రేవు పేరునకు ప్రక్కన గట్టు అనియో, పడవ అనియో పెన్సిలుతో వ్రాసికొనుట. ఇంటిలోని పెద్దవారి మోకాళ్లను తలచుకొని ఆ రెండు మాటలను వ్రాసికొన్న కుటుంబమునకు, ఓడపై ఒక్కరిని విడిచి తక్కినవారు దిగవలసిన పరిస్థితి చాలవరకు తప్పును.