నడుము నొప్పికి సూదిమందు

గుంటమగ్గంలో కూర్చుండి నేసేవారికి నడుము నొప్పి కొత్త కాదు. తెల్లవారకముందే గుంటలో దిగి, ముందుకు వంగి, ఒక చేత తాడు గుంజుతూ, ఒక చేత పలక కొడుతూ పొద్దు గుంకేదాకా నేసిన మనిషి లేచి నిలువబోతే నడుము పట్టివేస్తుంది. మగ్గం నొప్పి అని మనమే పేరు పెట్టుకొని ఊరకుంటున్నాము.

అయితే కొందరికి ఆ నొప్పికి మగ్గం ఒక్కటే కారణం కాదు. పుట్టుకతో వచ్చిన ఎముక తీరు ఒకటి ఉంటుంది. నడుములో మామూలుగా అయిదు వెన్నుపూసలు ఉంటాయి. కొందరిలో చివరి పూసకు పక్కనున్న కొమ్ము వెడల్పుగా పెరిగి, కింది త్రికాస్థిని తాకి, అక్కడొక దొంగకీలు ఏర్పడుతుంది. దానివల్ల నొప్పి వచ్చునని 1917లో ఇటలీ వైద్యుడు బెర్తొలొత్తి చెప్పగా, ఆ జబ్బుకు ఆయన పేరే నిలిచినది. అట్టి ఎముక ఉన్నవారిలో చాలామందికి నొప్పే ఉండదు. కనుక ఎక్స్‌రేలో అది కనబడినంతమాత్రాన నొప్పి దానిదే అనుకోరాదు.

సూదిమందు ఉపయోగం ఇక్కడనే. ఎక్స్‌రే తెర మీద చూస్తూ వైద్యుడు ఆ కీలులోనికే సూది దింపి, తిమ్మిరి మందూ, వాపు తగ్గించే స్టెరాయిడూ ఎక్కిస్తాడు. తిమ్మిరి మందు పనిచేసే ఆ కొన్ని గంటలు నొప్పి మాయమైతే దోషం ఆ కీలుదేనని బలమైన ఆధారం దొరుకుతుంది. స్టెరాయిడు గుణం కొందరికి వారాలు, కొందరికి నెలలు ఉంటుంది. కొందరికి అసలే ఉండదు. ఎముక మాత్రం మారదు.

వెన్ను పొరలలో వేసే స్టెరాయిడు సూదుల వల్ల అరుదుగా పక్షవాతం, చూపు పోవుట వంటివి కలుగవచ్చునని 2014లో అమెరికా ఔషధ శాఖ హెచ్చరించినది. 2025లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మార్గదర్శకం చాలాకాలపు వెన్ను నొప్పికి ఇట్టి సూదులు వద్దనియే చెప్పినది. అయినా రోగిని ఎంచి చూచి వేసే వైద్యులు ఉన్నారు. మధుమేహం ఉన్నవారికి సూది తరువాత కొన్నాళ్లు చక్కెర పెరుగుతుంది. రక్తం పలచబరచే మందులు వాడేవారు ముందుగానే చెప్పవలెను.

మన వీధులలో నొప్పి అనగానే పిరుదుకు వేసే సూది వేరు. ఏ మందో చెప్పకుండా అది నెలనెలా వేయించుకొనుట మాకు భయం. అందులో స్టెరాయిడు ఉంటే ఎముకలు గుల్లబారతాయి.

మేమెరిగిన నేత సోదరుడొకరు అట్లే మూడేండ్లు వేయించుకొన్నాడు. కూలిలో పావువంతు దానికే పోయేది. చివరకు ఒక పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీసి, దొంగకీలు చూపి, తెర కింద ఒక్క సూది వేశారు. నాలుగు నెలలు హాయిగా నేశాడు. మళ్లీ నొప్పి వచ్చినది గాని మునుపటంత కాదు. ఆ నాలుగు నెలలలో వైద్యులు నేర్పిన వ్యాయామం అలవాటైనందున అని అతని భార్య అంటుంది; సూది వల్లనే అని అతడు. కాలు బలం తప్పినా, మూత్రం పట్టు తప్పినా, తొడల నడుమ తిమ్మిరి ఎక్కినా ఆనాడే రమ్మని ఆసుపత్రివారు చెప్పి పంపారట. ఇప్పుడతడు పీట మీద మడతదుప్పటి వేసుకొని, నాలుగైదు కండెలకొకసారి గుంట నుండి పైకి వచ్చి వీధి చివరిదాకా నడిచి వస్తున్నాడు.