మీకు తెలుసా? జలుబు చెవికెందుకు పాకుతుంది

ముక్కు వెనక నుంచి నడిచెవికి వెళ్లే గొట్టం పసిపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. అందుకే చిన్న జలుబూ చెవికి పాకుతుంది. నొప్పి తగ్గాక కూడా లోపల నీరు వారాల తరబడి నిలవొచ్చు. దాంతో మాటలు నేర్చే వయసులో అమ్మ మాట మసకగా వినిపిస్తుంది.

గోదావరి జిల్లాల్లో స్నానం చేయించాక చెవిలో నూనె చుక్కలు వేయడం పాత అలవాటు. నలుగు దాకా సరే, నూనె మాత్రం వద్దు. చీము కారే చెవిలో అసలే వద్దు. ఇంట్లో చుట్ట, బీడీ పొగ కూడా చెవి ఇన్ఫెక్షన్ ముప్పును పెంచుతుంది (తాతగారికి కోపమొచ్చినా సరే).

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో జరిగే ఉచిత పరీక్షల్లో చెవి ఇన్ఫెక్షన్, వినికిడి లోపం రెండూ ఉన్నాయి. పది నెలలకూ 'తాత్తా, బాబ్బా' అనే ముద్దుపలుకులు లేకపోతే వినికిడి పరీక్ష చేయించాలి.