బాంజ్ అడవికి వారసులేరీ?

ఉత్తరాఖండ్ కొండల్లో సుమారు 1,500 నుంచి 2,300 మీటర్ల ఎత్తు వరకు ప్రధానంగా కనిపించే చెట్టు బాంజ్ ఓక్. దీని ఆకు అంచు రంపపు పళ్లలా ఉంటుంది. పైవైపు ముదురు పచ్చన, అడుగున తెల్లటి నూగు. ఇంకా ఎత్తున ఖర్సు అనే మరో ఓక్ పెరుగుతుంది.

కుమావూ, గఢ్వాల్ పల్లెల్లో బాంజ్ లేనిదే రోజు గడవదు. గడ్డి ఎండిపోయే చలికాలంలో పశువుల మేత ఈ ఆకే. వంటచెరకూ నాగలి కర్రా దీనివే. రాలిన ఆకును కొట్టంలో పశువుల కింద పరుస్తారు. పేడతో కలిసి మాగాక అది పొలానికి ఎరువవుతుంది.

ముప్పు కూడా ఈ వాడకంలోనే ఉంది. చెట్ల నరికివేతకు వ్యతిరేకంగా సాగిన చిప్కో ఉద్యమం తర్వాత, 1981లో, వెయ్యి మీటర్లకు పైన పచ్చని చెట్లను వ్యాపారానికి కొట్టడాన్ని నిషేధించారు. కానీ మేతకూ పొయ్యికీ మండలు నరకడం ఆగలేదు. నరికినంత మాత్రాన చెట్టు చావదు, మోడైనా చిగురిస్తుంది. కానీ కాయ సరిగా కాయదు. పూత కాయై పండడానికి ఏడాదికి పైగా పడుతుంది, ఈలోపు కొమ్మే పోతుంది. మిగిలిన కాయల్లో కొన్ని పురుగుల పాలు, కొన్ని కొండముచ్చులకూ ఎలుగులకూ ఆహారం. మొలిచిన కాసిన్నీ పశువుల నోటబడతాయి. దూరానికి అడవి పచ్చగానే కనిపిస్తుంది. ముసలి చెట్ల కింద వెతికితే మాత్రం పిల్ల మొక్క దొరకదు.

దీనికి తోడు నిప్పు. బ్రిటిష్ కాలంలో కలప కోసం, జిగురు కోసం అటవీశాఖ చీర్ పైన్‌ను పెంచి పోషించింది. వేసవిలో రాలే దాని సూదులకు, అంటే పిరూల్‌కు, నిప్పురవ్వ చాలు. మందమైన బెరడు చీర్‌ను కాపాడుతుంది. బాంజ్ మొలకలు మాడిపోతాయి. కాలి బోసిపోయిన నేలలో మళ్లీ చీరే మొలుస్తుంది. చీర్‌ను దుష్టపాత్రగా చూపడం తేలికే గానీ, అదీ ఆ కొండల సొంత చెట్టే. దానికి దారిచ్చింది మనుషులు.

బాంజ్ ఉన్నచోట ఊటలు ఎండవని కొండవాసుల నమ్మకం. చెట్టు నీటిని పుట్టించదు. దాని కింద పేరుకున్న మెత్తటి ఆకుపొర వాననీటిని పారిపోనివ్వకుండా నేలలోకి ఇంకనిస్తుంది. అయితే ఊట ఎంతన్నది అడుగున ఉన్న రాతిపొరల మీద కూడా ఆధారపడుతుంది.

సంరక్షణకు గట్టి ఆధారం ఊరే. ఊరివాళ్లే అడవిని చూసుకునే వన పంచాయతీలు 1931 నియమాలతో మొదలై నేడు పదివేలకు పైగా ఉన్నాయి. బాగా నడిచేచోట అడవిలో ఒక భాగాన్ని కొన్నేళ్లు మూసి ఉంచుతారు, మేత కోసుకునే రోజులు నిర్ణయిస్తారు, కావలి పెడతారు. పౌడీ గఢ్వాల్‌లోని ఉఫ్రైంఖాల్ ప్రాంతంలో సచ్చిదానంద్ భారతి నడిపిన దూధాతోలీ లోక్ వికాస్ సంస్థాన్, ఊరి మహిళలతో కలిసి వాలుల్లో చిన్న నీటిగుంటలు తవ్వించి చెట్లు నాటించింది. గట్లమీద మేతగడ్డి, వంటింట్లో గ్యాస్ వస్తే బాంజ్‌పై భారం ఆ మేరకు తగ్గుతుంది.

బాంజ్ మొక్కలు పెంచే నర్సరీ పనికి ఓపిక కావాలి. కాయలను నీళ్లలో వేస్తే పురుగు తొలిచినవి చాలావరకు తేలతాయి. మునిగినవే విత్తనానికి పనికొస్తాయి. ఎండితే మొలకశక్తి పోతుంది గనుక నిల్వ పెట్టకుండా నాటాలి. తల్లివేరు లోతుకు దిగుతుంది కాబట్టి పొడవాటి సంచులు వాడాలి. ఖర్సుతో పని మరీ తొందర. వానాకాలంలో పండే దాని కాయ కొన్ని వారాల్లోనే మొలకెత్తాలి, లేకపోతే చచ్చిపోతుంది.