కారు ఏ.సి.లో ముక్కిన వాసన: సెంటుతో పోయేది కాదు

ఆదివారం ఉదయం కుటుంబమంతా తయారై కారు ఎక్కారు. ఏ.సి. వేయగానే, వానలో తడిసి మూలన పడి ఉన్న గోనెసంచి వాసన గుప్పుమంది. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "దారిలో ఒక సెంటు సీసా కొని తగిలిద్దాంలే" అన్నాడు నాన్న. వెనుక సీటులో ఉబ్బసం ఉన్న పిల్లవాడు మాత్రం తుమ్ముతూ దగ్గుతూ కూర్చున్నాడు.

ఇది చాలామందికి అనుభవమే. సెంటు ఆ వాసనను కప్పుతుంది గాని కారణాన్ని తీసివేయదు. పైగా ఆ ఘాటు వాసనే కొందరిలో ఆయాసాన్ని రేపుతుంది. అసలు కారణం ఆరని తడి.

వాసన ఎక్కడినుండి వస్తుంది?

డ్యాష్‌బోర్డు లోపల ఎవాపరేటర్ అనే భాగం ఉంటుంది. సన్నని రేకులతో చేసిన ఈ భాగం ఏ.సి. వేసినప్పుడు బాగా చల్లబడుతుంది. ఐసునీళ్ళు పోసిన గ్లాసు బయట చెమర్చినట్లే, గాలిలోని తేమ ఈ రేకుల మీద నీరుగా మారుతుంది. ఆ నీరు ఒక సన్నని గొట్టం గుండా కారు కిందికి కారిపోతుంది.

ఇల్లు చేరి ఇంజన్ ఆపేశాక రేకులు తడిగానే ఉండిపోతాయి. తడి, చీకటి, పేరుకున్న దుమ్ము, ఈ మూడూ కలిస్తే బూజు పెరుగుతుంది. మరునాడు ఫ్యాను వేయగానే వాసనతోపాటు కంటికి కనిపించని బూజు రేణువులు కూడా మన ముఖం మీదికి వస్తాయి. గాలిలో తేమ ఎక్కువగా ఉండే కోస్తా జిల్లాలలో, అన్నిచోట్లా వానాకాలంలో, ఈ బాధ ఎక్కువ.

ఆరోగ్యానికి హానియా?

ఆరోగ్యంగా ఉన్నవారికి చిరాకు తప్ప సాధారణంగా పెద్ద ప్రమాదం ఉండదు. అయితే ఉబ్బసం, ఎలర్జీ ఉన్నవారికి తుమ్ములు, ముక్కు కారడం, కళ్ళ దురద, పిల్లికూతలు, ఆయాసం రావచ్చు. క్యాన్సర్ మందులు వాడుతున్నవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు బూజుకు దూరంగా ఉండటం మంచిది.

మీరు చేయగలిగినవి

1. ఏ.సి. పది పదిహేను నిమిషాలు నడిచాక కారు కింద నీటి చుక్కలు పడుతున్నాయేమో చూడండి. ఉక్కగా ఉన్న రోజున కూడా పడకపోతే, ముందు సీటు కింద పట్టా తడిగా ఉంటే, గొట్టం మూసుకుపోయి ఉండవచ్చు. మెకానిక్‌కు చూపించండి.

2. చాలా కార్లలో లోపలి గాలిని వడకట్టే ఫిల్టరు ముందు సీటు ఎదుట ఉన్న అర వెనుక ఉంటుంది. కొన్ని పాత కార్లలో ఇది ఉండదు. కారుతో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన గడువుకు మార్చండి. దుమ్ము రోడ్లమీద తిరిగే కారుకు ఇంకా ముందే మార్చాలి. కాగితం ఫిల్టరును కడగవద్దు.

3. చెట్టు కింద కారు నిలిపేవారు ముందు అద్దం అడుగున చేరిన ఆకులను తీసివేయండి. బయటి గాలి లోపలికి వెళ్ళే దారి అదే.

4. తడిసిన పట్టాలను ఎండలో బాగా ఆరబెట్టండి.

5. కారును ఆరుబయట నిలిపి, తలుపులు తెరిచి, ఏ.సి. మీట ఆపి, బయటి గాలి వచ్చేలా పెట్టి, ఫ్యానును పూర్తి వేగంతో పది నిమిషాలు తిప్పండి. మూసిన షెడ్డులో ఈ పని ఎన్నడూ చేయకండి. ఇంజన్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. అది ప్రాణం తీస్తుంది.

ఇంత చేసినా వాసన పోకపోతే మెకానిక్ చేత ఎవాపరేటర్‌ను శుభ్రం చేయించండి. తరువాత కారుకు బాగా గాలి తగలనిచ్చి, ఆపైనే పిల్లలను ఎక్కించండి. బ్లీచింగ్ ద్రావణం, ఫినాయిల్ వంటివి గాలి రంధ్రాలలో పోయకండి.

మళ్ళీ రాకుండా ఉండాలంటే ఒక్క అలవాటు చాలు. ఇల్లు ఇంకా నాలుగైదు నిమిషాల దూరం ఉందనగా ఏ.సి. ఆపి, ఫ్యానును మాత్రం తిరగనివ్వండి. రేకులు చాలావరకు ఆరిపోతాయి. దీనికి పైసా ఖర్చు లేదు.

వేరే వాసన వస్తే

పెట్రోలు వాసన, కాలిన వాసన, పొగ వాసన బూజువి కావు. వెంటనే కారు పక్కకు ఆపి దిగండి, మెకానిక్‌ను పిలిపించండి. ప్రయాణంలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చినట్లుండటం కలిగితే అద్దాలు దించి, కారు ఆపి, అందరూ బయటికి రండి. ఆసుపత్రికి వేరే బండిలో వెళ్ళండి.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

కారు ఎక్కినప్పుడల్లా పిల్లికూతలు వస్తుంటే ఆ మాట డాక్టరుతో చెప్పండి. కారు శుభ్రం చేశాం కదా అని ఇన్‌హేలర్ మానవద్దు. ఎండలో నిలిపిన కారులో ఇన్‌హేలర్‌ను వదిలివేయవద్దు. మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి.

దగ్గు రెండు వారాలు దాటితే మాత్రం కారు మీదో, వాతావరణం మీదో నెపం పెట్టి ఊరుకోకండి. కళ్ళె పరీక్ష చేయించుకోండి. క్షయను మొదట్లోనే కనుగొంటే మందులతో నయమవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ పరీక్ష, మందులు ఉచితం.