ఇటలీ ద్రాక్ష - మన రైతుకు పాఠము

ఇటలీలోని పీడ్‌మాంట్ కొండలలో నెబ్బియోలో అను నల్లద్రాక్ష పండును. దానినుండి తయారగు బరోలో అను ఎర్ర ద్రాక్షసారాను కనీసము 38 నెలలు నిలువయుంచవలెను. అందు 18 నెలలు కొయ్యపీపాలలో ఉండవలెను. క్రొత్తసారా కరక్కాయవలె వగరుగా నుండును. తొక్కనుండి, గింజలనుండి దిగిన ఆ వగరు నిలువలో మెత్తబడును.

అయితే పీపాకన్న తోటయే ముఖ్యము. హెక్టారుకు 8 టన్నులకు మించి కాయ దింపరాదని అచ్చటి నిబంధన. కాపు తగ్గినచో పండున సారము హెచ్చును.

1860 తరువాత ఫిల్లాక్సెరా అను పేనువంటి పురుగు వేళ్లను పట్టి ఐరోపా తోటలను పాడుచేసెను. అమెరికా వేరుపై తమ తీగను అంటుకట్టి రైతులు తోటలు నిలుపుకొనిరి.

మన హైదరాబాదులో 19వ శతాబ్ది చివర అబ్దుల్ బాకర్ ఖాన్ ప్రవేశపెట్టిన అనాబెషాహి తినుటకు పేరొందిన తెల్లద్రాక్ష. మన వేడికి తీగ శీతకాలమున నిద్రపోదు. కనుక ఏప్రిలులో కొమ్మకొరకు, అక్టోబరులో కాయకొరకు రెండుమార్లు కత్తిరింపవలెను.

ముండ్లమూరు రైతు సోదరులారా! బోరునీరు ఉప్పనైనచో సొంతవేరు తీగ నాటకుడు. ఉప్పును కొంతవరకు తట్టుకొను డాగ్‌రిడ్జ్ వేరుపై కట్టిన అంట్లు తెచ్చుకొనుడు. పందిరికి ఖర్చు అధికము. కావున గుంజ పాతకముందే మట్టిని, నీటిని పరీక్ష చేయించుడు.